ప్లాస్టిక్ కలిపిన తారు రోడ్డు: వేయించుకునేవారి కోసం ఒక సమీక్ష

లేఅవుట్ అసోసియేషన్ల తరఫున లోపలి రోడ్లు వేయించేవారికి కాంట్రాక్టర్లు ఇచ్చే కొటేషన్లలో మామూలు బీటీ (తారు రోడ్డు) రేటు కింద ‘వ్యర్థ ప్లాస్టిక్‌తో బీటీ’ అనే మరో వరుస ఈమధ్య తరచుగా కనిపిస్తోంది. చిన్న సివిల్ పనులకు నాణ్యత తనిఖీ చేయడం నా వృత్తి. గుంటూరు వైపు నల్లరేగడి నేలలో ఉన్న మా లేఅవుట్ వారు ఈ రెండో రకాన్ని ఎంచుకున్నప్పుడు, ప్లాంటులో మిశ్రమం కలపడం మొదలుకొని రోలరు చివరిసారి తిరిగేవరకు పని మొత్తాన్ని దగ్గరుండి చూసే బాధ్యత నాకే వచ్చింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కంకరను నీటి నుంచి కాపాడే పూతగా ఇది పెట్టిన డబ్బుకు తగిన సరుకే; అయితే బలహీనమైన రోడ్డుకు బలం తెచ్చే మందుగానో, ఊరి చెత్తంతటికీ పరిష్కారంగానో దీన్ని వర్ణించేవారి మాటలు విని కొంటే మాత్రం నిరాశ తప్పదు.

అసలు ఈ సరుకు ఏమిటో ముందుగా తేల్చుకోవాలి, ఎందుకంటే వాట్సాప్‌లో తిరిగే ఫొటోల పుణ్యమా అని రెండు వేర్వేరు వస్తువులు జనం మనసుల్లో ఒకటైపోయాయి. నెదర్లాండ్స్‌లోని జ్వోలె పట్టణంలో 2018లో ప్రారంభించిన 30 మీటర్ల సైకిల్ బాట, లోపల బోలుగా ఉండే ప్లాస్టిక్ దిమ్మెలను అచ్చుపోసి ఒకదానికొకటి బిగించి తయారుచేసినది. మా అసోసియేషన్ సమావేశంలో ఒక పెద్దాయన ఆ ఫొటో చూపించి, ‘మనకూ ఇలాంటిదే వేస్తారా?’ అని అడిగారు. మన దగ్గర వేసేది అది కాదు. కంటికి ఇది మామూలు తారు రోడ్డే. నల్లగానే ఉంటుంది, మిశ్రమాన్ని పరిచే అదే పేవరుతో, అదే రోలరుతో వేస్తారు. తేడా అంతా ప్లాంటులోనే జరిగిపోతుంది. మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కాలేజీలో రసాయనశాస్త్రం బోధించిన ఆచార్య రాజగోపాలన్ వాసుదేవన్ 2000ల తొలినాళ్లలో రూపొందించిన పొడి పద్ధతి దీనికి ఆధారం. దానికి 2006లో పేటెంటు వచ్చింది. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

పొడి పద్ధతి అనడంలో ఉద్దేశం, ప్లాస్టిక్‌ను తారులో కాక వేడి కంకరలో కలపడం. తారులోనే కలిపే తడి పద్ధతి కూడా ఉంది గానీ, అందులో నిరంతరం కలియబెడుతూ ఉండకపోతే ప్లాస్టిక్ తారు నుంచి విడిపోయి పైకి తేరుకుంటుంది. దానికి ప్రత్యేకమైన ట్యాంకులు, యంత్రాలు కావాలి కనుక మన జిల్లాల్లోని ప్లాంట్ల వారికి పొడి పద్ధతే అందుబాటులో ఉన్న దారి. ఇందులో కంకరను సుమారు 165–170 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, 2–3 మిల్లీమీటర్ల ముక్కలుగా తురిమిన ప్లాస్టిక్‌ను దాని మీద వేస్తారు. పల్చని పాలిథిన్ ఆ వేడికి వెంటనే కరిగి రాయి చుట్టూ పొరలా పట్టుకుంటుంది. ఆ తర్వాతే తారు పడుతుంది. వరుస మారితే, అంటే తారు, ప్లాస్టిక్ రెండూ ఒకేసారి పడితే, రాయికి పూత పట్టదు, ఖర్చు చేసిన ప్రయోజనమూ దక్కదు.

ఈ పూత వల్ల ఒరిగేదేమిటో అర్థం కావాలంటే మన తారు రోడ్లు వానాకాలంలో ఎలా చెడిపోతాయో గమనించాలి. రాయికి తారు మీద కంటే నీటి మీద మక్కువ ఎక్కువ. రోడ్డు మీద నిలిచిన నీరు సన్నటి సందుల్లోంచి లోపలికి దిగి, రాయికీ తారుకూ మధ్య చోటు చేసుకుంటుంది; పైన వెళ్లే ప్రతి చక్రమూ ఆ నీటిని నొక్కి మరింత లోపలికి తోస్తుంది. కొన్నాళ్లకు తారు రాయిని వదిలేస్తుంది, చిప్స్ (సన్న కంకర) పైకి తేలతాయి, తేలినచోట చిన్న గుంత, ఆ గుంతలో మళ్లీ నీరు, చివరికి మోకాలి లోతు గొయ్యి. ప్లాస్టిక్ పొర రాయిలోని సన్నని రంధ్రాలను మూసేయడంతో రాయి నీటిని పీల్చడం తగ్గుతుంది. ప్లాస్టిక్, తారు రెండూ హైడ్రోకార్బన్ కుటుంబానికే చెందినవి కావడం వల్ల ఆ పొరను తారు గట్టిగా పట్టుకుంటుంది. మిశ్రమం ఎంత బరువును తట్టుకుంటుందో కొలిచే మార్షల్ పరీక్షను ప్రయోగశాలలో చేస్తే స్థిరత్వం విలువ పెరగడం, నీటిలో నానబెట్టిన తర్వాత తారు ఊడిపోవడం తగ్గడం ఈ మిశ్రమంలో సాధారణంగా కనిపించే ఫలితాలు. ఎండాకాలం సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వీజీ-30 రకం తారు మెత్తబడే ఉష్ణోగ్రతకు ప్రమాణాల్లో పెట్టిన కనీస హద్దు 47 డిగ్రీలు మాత్రమే. రెంటచింతల లాంటి చోట గాలి వేడే కొన్ని రోజుల్లో దాదాపు అంత ఉంటుంది, నల్లటి రోడ్డు ఉపరితలం అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. బస్సులు ఆగేచోట చక్రాల జాడలు పల్లాలుగా పడిపోవడానికి అదే కారణం. ప్లాస్టిక్ కలిసిన మిశ్రమం గట్టిపడి ఆ జాడలను కొంతవరకు తట్టుకుంటుంది.

మా పని చేసిన ప్లాంటు బ్యాచ్ రకానిది, అంటే మిశ్రమాన్ని విడతలు విడతలుగా తూచి కలిపేది. కంకర పగ్‌మిల్‌లో (మిశ్రమాన్ని కలిపే తొట్టిలో) పడగానే తూకం వేసిన ప్లాస్టిక్ సంచిని పై ద్వారం నుంచి గుమ్మరించి, అర నిమిషం పాటు తిప్పి, ఆ తర్వాత తారు చల్లేవారు. తారు పడకముందే ఒక బ్యాచ్‌ను వదిలిపెట్టమని ఆపరేటరును అడిగాను. ఆ అభ్యర్థన ఆయనకు వింతగా తోచినా కాదనలేదు. పాత టిప్పరు డాలా మీద పడిన ఆ రాళ్లు చల్లారాక చేతిలోకి తీసుకుంటే, ఒక్కొక్క రాయి నూనె చేత్తో తడిమినట్టు మెరుస్తోంది. వేలికి అంటుకోవడం లేదు, గోటితో గీరితే సన్నటి పొర లేస్తోంది. పక్కనే ఉన్న పూత లేని రాళ్ల మీద, వీటి మీద బాటిల్‌తో నీళ్లు పోసి చూశాను. మామూలు రాయి తడిసి రంగు మారింది. పూత పట్టిన రాయి మీద నీరు చుక్కలుగా నిలిచి కిందికి జారిపోయింది. ఈ పద్ధతిలో రోడ్డు వేయించుకునేవారు చేయగలిగిన పరీక్షల్లో ఖర్చులేనిదీ, అబద్ధం చెప్పనిదీ ఇదొక్కటే. తారు పడిన తర్వాత ఏ కొనుగోలుదారుడూ లోపల ప్లాస్టిక్ ఉందో లేదో కంటితో చెప్పలేడు కనుక, ఈ తనిఖీకి ఒప్పుకోని ప్లాంటు నుంచి ఈ సరుకు తీసుకోకపోవడమే మేలు.

అంతా సాఫీగా జరగలేదు. మొదటి రోజు వచ్చిన ఒక లోడులో తెల్లటి, నీలిరంగు ముక్కలు కరగకుండా ఉండలు కట్టి కనిపించాయి. విచారిస్తే, తురిమిన ప్లాస్టిక్ సంచులను ముందురోజు రాత్రి ఆరుబయట వదిలేశారని, మంచుకు తడిసిన ముక్కలు ఒకదానికొకటి అంటుకుపోయాయని తేలింది. ఆ లోడును తిప్పి పంపించాం. కాంట్రాక్టరు మొదట ‘రోలరు కింద అన్నీ కలిసిపోతాయి’ అని వాదించారు. కలవవు, ఉండ ఉన్నచోట తారుకూ రాయికీ మధ్య అతుకు ఉండదు, మొదటి వానకే అక్కడ గుంత మొదలవుతుంది. దుమ్ము, తేమ, మట్టి లేని శుభ్రమైన ప్లాస్టిక్ సరఫరా చేయడమే ఈ పద్ధతిలో అన్నిటికంటే కష్టమైన పని, అందరూ తేలిగ్గా తీసుకునే పని కూడా అదే. రోడ్ల పనులకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో విడుదల చేసిన ఎస్‌పీ-98 మార్గదర్శకాలు ప్లాస్టిక్‌లోని దుమ్ము, ఇతర మలినాలు ఒక శాతానికి మించకూడదని చెబుతున్నాయి. మున్సిపల్ డంపింగ్ యార్డు నుంచి నేరుగా తెచ్చిన సంచులతో ఆ హద్దును అందుకోవడం, కడిగి ఆరబెట్టే ఏర్పాటు లేకుండా, జరిగే పని కాదు.

ఏ ప్లాస్టిక్ పనికొస్తుంది అన్నదానిలోనూ కొనేవారు జాగ్రత్త పడాలి. 60 మైక్రాన్లకు మించని పల్చని క్యారీ బ్యాగులు, పాల ప్యాకెట్ల వంటి పాలిథిన్, బిస్కెట్ల ప్యాకింగు కవర్లు ఇందులో వాడతారు. చెత్త ఏరుకునేవారు ధర రాదని వదిలేసే సరుకు చాలావరకు ఇదే కాబట్టి, ఈ పద్ధతిలో నాకు నచ్చిన విషయాల్లో ఇదొకటి. పీవీసీని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. వేడికి దాని నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది, అది పీల్చేది పక్కనే నిలబడి పనిచేసే కూలీలే. మన ఊళ్లలో ఏ కూడలిలో చూసినా వేలాడే ఫ్లెక్సీలు పీవీసీతో తయారైనవే. ఎన్నికలు ముగిశాక కుప్పలుగా పడి ఉండే వాటిని ‘రోడ్లలో వేసేయవచ్చు కదా’ అని మా లేఅవుట్‌లోనే ఇద్దరు ముగ్గురు సూచించారు. నాయకుల ముఖాలు రోడ్డు కిందికి వెళ్లాలన్న కోరిక ఎవరిదైనా అర్థం చేసుకోదగినదే గానీ, రసాయనశాస్త్రం దానికి ఒప్పుకోదు. ఆపరేటరు మంటను అదుపులో పెట్టుకోవడం కూడా ముఖ్యమే. 170 డిగ్రీల వద్ద పాలిథిన్ కరుగుతుందే తప్ప విచ్ఛిన్నం కాదు. మంట హద్దు దాటితే వాసన, పొగ మొదలవుతాయి, తారు కూడా మాడి జీవం కోల్పోతుంది.

వేసిన రోడ్డు ఎలా ఉంది అన్నది ఇక చూద్దాం. మా లేఅవుట్‌లో పడమటి వీధికి మురుగు కాలువ సరిగా లేదు. వాన పడితే అంచున నీరు గంటల తరబడి నిలుస్తుంది. మామూలు బీటీతో ఇంతకుముందు వేసినప్పుడు ఆ అంచునే మొదట చిప్స్ తేలి, రోడ్డు పక్కలు కొరికేసినట్టు తయారైంది. ఇప్పటివరకు ప్లాస్టిక్ కలిపిన పూత ఆ అంచున రాయి వదలలేదు. టిప్పర్లు మలుపు తిరిగేచోట కూడా పైపొర చెదరలేదు. ఒక్క వీధిని చూసి శాస్త్రం చెప్పలేం కనుక ఈ పరిశీలనకు ఉండవలసినంత విలువే ఇవ్వాలి. పెద్ద కాలానికి సంబంధించిన ఆధారం కావాలంటే తమిళనాడు వైపు చూడాలి. చెన్నై నుంగంబాక్కంలోని జంబులింగం వీధిలో 2002లో ఈ పద్ధతిలో వేసిన రోడ్డు ఏళ్ల తరబడి ఎండలను, వానలను, 2015 వరదలను తట్టుకుని నిలిచిందని పేరు తెచ్చుకుంది. అక్కడి ఇలాంటి రోడ్ల పనితీరును కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రచురించిన అధ్యయనం కూడా మెచ్చుకుంది. ఆ అధ్యయనం చేసింది ఈ పద్ధతిని కనిపెట్టిన కాలేజీ బృందమే అన్న సంగతిని మాత్రం చదివేవారు గుర్తుంచుకోవాలి. ఫలితాలు తప్పని నేను అనడం లేదు. వస్తువు తయారుచేసినవారే ఇచ్చిన నాణ్యతా పత్రాన్ని ఏ కొనుగోలుదారుడైనా ఎలా చదువుతాడో అలాగే చదవమంటున్నాను.

లోపాల విషయానికి వస్తే, మా లేఅవుట్ దక్షిణపు వీధి మంచి ఉదాహరణ. అక్కడ కింద నల్లరేగడి. వేసవిలో బీటలు వారుతుంది, వానలకు ఉబ్బుతుంది. కింది గ్రావెల్ పొర పల్చగా ఉన్నచోట, పైన వేసిన ప్లాస్టిక్ బీటీలో పొడవాటి పగుళ్లు అప్పుడే కనిపిస్తున్నాయి. ఈ పగుళ్లకు ప్లాస్టిక్ కారణం కాదు, కానీ అది ఆపగలిగినదీ కాదు. పాలిథిన్ మిశ్రమాన్ని బిర్రుగా మారుస్తుందే తప్ప సాగే గుణాన్ని ఇవ్వదు. రబ్బరులా సాగి తిరిగి పూర్వస్థితికి వచ్చే గుణం కావాలంటే ఎస్‌బీఎస్ వంటి రబ్బరు గుణమున్న పాలిమర్‌తో రిఫైనరీలోనో ప్రత్యేక ప్లాంటులోనో మార్చిన తారు కొనాలి. దానికి ధర ఎక్కువ, చిన్న పనులకు దొరకడమూ కష్టం. 25 మిల్లీమీటర్ల పైపూత కింది నేల కదలికను ఆపుతుందని చెప్పే ఎవరినైనా, అది ప్లాస్టిక్ బీటీ అయినా మామూలు బీటీ అయినా, ఒక అడుగు దూరంలో ఉంచాలి. నల్లరేగడి మీద డబ్బు పెట్టవలసింది ముందు గ్రావెల్‌కూ, కాలువలకూ. పైపూత రకం గురించి ఆలోచన ఆ తర్వాతే.

బిర్రుతనానికి ఇంకో మూల్యం కూడా ఉంది. ఈ మిశ్రమం చల్లారుతున్నకొద్దీ మామూలు దానికంటే త్వరగా మొండికేస్తుంది. ప్లాంటు నుంచి సైటుకు దూరం ఎక్కువైనా, టార్పాలిన్ కప్పకుండా టిప్పరు వచ్చినా, రోలరు తాపీగా మొదలుపెట్టినా సరైన గట్టిదనం రాదు. మా పనిలో మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చిన లోడును రోలరు డ్రైవరు లేక కాసేపు ఆపవలసి వచ్చింది. ఆ భాగంలో ఉపరితలం ఇప్పటికీ మిగతాదానికంటే గరుకుగా, సందులుగా కనిపిస్తుంది.

ధర గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే బేరంలో కొనుగోలుదారులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. 3.75 మీటర్ల వెడల్పున, 25 మిల్లీమీటర్ల మందంతో ఒక కిలోమీటరు వేస్తే దాదాపు 94 ఘనమీటర్లు, అంటే రమారమి 215 టన్నుల మిశ్రమం అవుతుంది. అందులో తారు 5 శాతం అనుకుంటే 10.75 టన్నులు. మార్గదర్శకాల ప్రకారం ప్లాస్టిక్ వాటా తారు బరువులో 6 నుంచి 8 శాతం. పై హద్దు తీసుకున్నా 860 కిలోలే. కిలోమీటరుకు టన్ను ప్లాస్టిక్ అని ప్రచారంలో ఉన్న మాట ఈ లెక్కకు దగ్గరగానే ఉంది. ఆ మేరకు తారు తగ్గుతుంది. తారు ధరను కంపెనీలు పక్షానికోసారి సవరిస్తాయి గనుక ఆదా ఎంతన్నది ఆయా రోజు మీద ఆధారపడుతుంది గానీ, అది ఆదాయే. ప్లాస్టిక్ సేకరణ, కడగడం, తురమడం, రవాణా ఖర్చులను అందులోంచి తీసేస్తే మిగిలేది స్వల్పం. అందువల్ల ప్లాస్టిక్ బీటీకి మామూలు దానికంటే చదరపు మీటరుకు గణనీయంగా ఎక్కువ రేటు అడగడానికీ ఆధారం లేదు, చాలా చౌక అవుతుందని ఆశించడానికీ ఆధారం లేదు. మాకు వచ్చిన మొదటి కొటేషన్‌లో అదనపు రేటు ఉంది. ఈ లెక్క కాగితం మీద పెట్టి మాట్లాడాక మామూలు బీటీ రేటుకే ఒప్పుకున్నారు.

ఇదే లెక్క చెత్త సమస్య గురించిన గొప్పలను కూడా తేల్చేస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి అంచనా ప్రకారం 2019-20లో దేశంలో పుట్టిన ప్లాస్టిక్ చెత్త సుమారు 34.7 లక్షల టన్నులు. కిలోమీటరుకు 860 కిలోల చొప్పున దాన్ని రోడ్లలోనే సర్దాలంటే ప్రతి ఏటా 40 లక్షల కిలోమీటర్ల ఒంటి వరుస రోడ్డు వేయాలి. దేశంలో ఉన్న రోడ్లన్నీ కలిపినా సుమారు 63 లక్షల కిలోమీటర్లే. పైగా మొత్తం చెత్తలో ఈ పనికి పనికొచ్చేది ఒక భాగం మాత్రమే. ‘మీ రోడ్డుతో పర్యావరణాన్ని కాపాడుతున్నారు’ అని మా అసోసియేషన్‌కు ఒక బోర్డు కూడా పెడతామన్నారు. వద్దన్నాం. కాలువలో చిక్కుకోవలసిన కొన్ని క్యారీ బ్యాగులు రోడ్డులో చేరాయన్నది నిజం, అంతకు మించి చెప్పుకోవలసినది లేదు. చక్రాల రాపిడికి పైపొర అరుగుతుంది కాబట్టి అందులోని ప్లాస్టిక్ కొంత సన్నటి రజనుగా వాన నీటితో కాలువలోకి చేరుతుందన్న ఆందోళనను కూడా తోసిపుచ్చలేం. పూత తారు కింద ఉంటుంది గనుక భయం లేదన్న సమాధానం, తారు అరిగిన తర్వాత ఏమవుతుందన్న ప్రశ్నను ముట్టుకోదు.

వర్క్ ఆర్డరులో ఏమి రాయించుకోవాలి అని అడిగేవారికి నా సలహా ఇది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2015 నవంబరులో 5 లక్షలకు పైబడిన జనాభా గల పట్టణాలకు 50 కిలోమీటర్ల పరిధిలో తారు పనులకు వ్యర్థ ప్లాస్టిక్ వాడాలని ఆదేశించినా, ప్రైవేటు లేఅవుట్ రోడ్డు మీద ఏ అధికారీ వచ్చి తనిఖీ చేయడు. రక్షణ అంతా మీ కాగితంలోనే ఉండాలి. ఎస్‌పీ-98 ప్రకారం పొడి పద్ధతి అని, ప్లాస్టిక్ వాటా తారు బరువులో ఇంత శాతమని, పీవీసీ ఉండదని, ప్రతి బ్యాచ్‌కు ప్లాస్టిక్‌ను తూచి వేస్తారని, తారు పడకముందు పూత రాళ్లను చూపిస్తారని, పని ముగిశాక కోర్ (రోడ్డు పొరలోంచి గుండ్రటి ముక్క) కోసి మందం, గట్టిదనం చూపిస్తారని స్పష్టంగా రాయించుకోవాలి. లోపాల బాధ్యత కాలం (రోడ్డు చెడితే కాంట్రాక్టరే బాగుచేయవలసిన గడువు) మామూలు బీటీకి ఎంత ఇస్తారో దీనికీ అంతకు తగ్గకుండా అడగాలి. ‘ఎక్కువ కాలం మన్నుతుంది’ అని చెప్పే కాంట్రాక్టరు ఆ మాటను గ్యారంటీ కాలంలోకి మార్చడానికి వెనుకాడితే, అమ్మకపు మాటకూ ఆయన నమ్మకానికీ మధ్య దూరం ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

మాకింకా మూడు వీధులు మిగిలాయి. పడమటి వైపు నీరు నిలిచే మరో సందుకు ప్లాస్టిక్ బీటీయే వేయించాలని నేను సిఫారసు చేశాను, కమిటీ ఒప్పుకుంది. మిగతా రెండింటిలో మంచినీటి గొట్టాలు ఇంకా వేయవలసి ఉంది; గొట్టం కోసం రోడ్డు కోసినవారు తిరిగి పూడ్చేది మామూలు ప్యాచ్‌తోనే, ఆ అతుకు పక్కనుంచి దిగే నీటికి పూత పట్టిన రాయి కూడా అడ్డం నిలవదు. గొట్టాల పని పూర్తయి, దక్షిణపు వీధిలో గ్రావెల్ సరిచేసేవరకు ఆ రెండు వీధులకూ ఏ రకం పైపూతా వద్దని తీర్మానం రాసుకున్నాం.